కాలేజీ ఆఫీసులో విద్యార్థుల వివరాల గోప్యత: మీ దగ్గర రూల్సు ఎలా ఉన్నాయి?

బెంగళూరులో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసు స్టాఫ్‌కి గోప్యతా నియమాలు రాస్తున్నాం. ఇలాంటివి అమలు చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.

ఆధార్ తీసుకుంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు, అందులో పేచీ లేదు. మార్కుల ఎక్సెల్ దగ్గరే పొరపాట్లన్నీ. ఫిల్టర్ పెట్టి ఒక్క సెక్షనే చూపించినా, ఫైలుతో పాటు దాగిన వరుసలన్నీ వెళ్తాయి. అవతలివాళ్లు ఫిల్టర్ తీస్తే కులం, ఫోన్ నంబరుతో సహా బయటపడతాయి. కావలసిన వరుసలే కొత్త ఫైల్లో పేస్ట్ చేసి పంపాలి. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల డబ్బా గీసినా అంతే, చాలా ఫైళ్లలో డబ్బా కింది అంకెల్ని కాపీ చేసుకోవచ్చు. ప్రింటు తీసి, ఆ చోట కాగితం ముక్క అంటించి స్కాన్ చేయడం మొరటు పద్ధతే గానీ నమ్మొచ్చు.

అసలు చిక్కు ఫోన్లతో. "అనంతపురం నుంచండీ, మావాడి అటెండెన్స్ ఎంతుంది?" అని తెలుగులో అడగ్గానే మనవాళ్లే కదా అని చెప్పేస్తారు. అడ్మిషన్ ఫారంలోని నంబరుకే తిరిగి ఫోన్ చేయాలని రాశాం. 2023 డేటా రక్షణ చట్టంలో 18 నిండనివారు పిల్లల కిందే లెక్క. ఫస్టియర్లో 17 ఏళ్లవాళ్లూ ఉంటారు. 18 నిండాక తల్లిదండ్రులకు మార్కులు చెప్పడానికి విద్యార్థి సంతకం ఎప్పుడు తీసుకుంటున్నారు? అడ్మిషన్ రోజా, పుట్టినరోజు దాటాకా? స్టాఫ్ మానేసిన రోజు లాగిన్లు మూయించే బాధ్యత ఎవరికిచ్చారు?