పెద్ద కాపీ మధ్యలో మాయమయ్యే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ: తప్పు బాక్స్‌దా, ఉబుంటుదా?

చిక్కడపల్లి స్టూడియో:
నమస్తే అండి. పెళ్లి ఫోటోలు, వీడియోలు తీయడం నా పని. నా కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు లైనక్స్. పోయిన వారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో యూఎస్‌బీకి తగిలించే ఒక ఎస్‌ఎస్‌డీ బాక్స్ కొని, నా దగ్గరున్న 1 టీబీ ఎస్‌ఎస్‌డీ అందులో బిగించాను. చిన్న ఫైళ్లు చక్కగా ఎక్కుతున్నాయి. 180 జీబీ ఉన్న పెళ్లి ఫోల్డర్ పెడితే మాత్రం ఎక్కడో ఒకచోట కాపీ నిలిచిపోతుంది. బాక్స్ లైటు వెలుగుతూనే ఉంటుంది. అర నిమిషం అయ్యాక డ్రైవ్ మాయమై మళ్లీ వస్తుంది. మూడుసార్లూ ఇదే తంతు.

నిన్న రాత్రి జీలకర్ర బెల్లం క్లిప్ తెరిచి చూశాను. పెళ్లికొడుకు చెయ్యి అమ్మాయి తల దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. కెమెరా కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి సరిపోయింది. శనివారం ఇంకో పెళ్లి ఉంది, ఈ కార్డులే ఖాళీ చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది. కెర్నల్ లాగ్‌లో (ఉబుంటు లోపల జరిగేవి రాసుకునే చోట) యూఏఎస్ అబార్ట్, రీసెట్ అని వరసగా లైన్లు వస్తున్నాయి. ఇదే ఎస్‌ఎస్‌డీని సాటా కేబుల్‌తో లోపల తగిలిస్తే ఏ గొడవా లేదు.

కూకట్‌పల్లి రిపేర్:
ముందు కేబుల్ మార్చి చూడండి అన్నా. క్యాబినెట్ ముందు పోర్టు వద్దు, వెనక బోర్డు మీద ఉన్న పోర్టుకే పెట్టండి. కరెంటు చాలకపోయినా ఇలాగే పడిపోతుంది.

చిక్కడపల్లి స్టూడియో:
రెండు కేబుళ్లు మార్చాను తమ్ముడూ, వెనక పోర్టే. తేడా లేదు.

మౌలాలి లైనక్స్:
అయితే బాక్స్‌లో ఉన్న చిప్ మీదే నా అనుమానం. పాత పద్ధతిలో యూఎస్‌బీ డ్రైవ్‌కి ఒక పని చెబితే, అది ముగిశాకే రెండోది చెప్పాలి. యూఏఎస్ అనే కొత్త పద్ధతి వచ్చాక చాలా పనులు ఒకేసారి వరసలో పెట్టొచ్చు, అందుకే వేగం. తగిలించగానే చిప్ ‘నాకు యూఏఎస్ వచ్చు’ అంటుంది, లైనక్స్ ఆ మాట నమ్ముతుంది. కొన్ని చిప్‌ల ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) బరువు పడగానే జవాబివ్వడం మానేస్తుంది. ముప్పై సెకన్లు చూసి కెర్నల్ రీసెట్ కొడుతుంది. మీరు చెప్పిన అర నిమిషం అదే. ఇలా లేనివి ఉన్నట్టు చెప్పే పరికరాల కోసం కెర్నల్‌లోనే ఒక జాబితా ఉంది, మీ బాక్స్ అందులో లేనట్టుంది.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొడితే బాక్స్ ఐడీ వస్తుంది, కోలన్‌కి రెండు వైపులా నాలుగేసి అక్షరాలు. డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పెట్టి, యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్స్ ఆప్షన్‌కి ఆ ఐడీ, ఇంకో కోలన్, చిన్న ‘యు’ రాయండి. యు అంటే యూఏఎస్ వదిలేయమని. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (సిస్టమ్ ఆన్ కాగానే ముందుగా లోడయ్యే ఫైల్) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టండి. టీ ఆప్షన్‌తో మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ చూస్తే డ్రైవర్ దగ్గర యూఏఎస్ బదులు యూఎస్‌బీ స్టోరేజ్ అని ఉండాలి. అదే ఐడీ ఉన్న బాక్స్‌లన్నిటికీ ఇది వర్తిస్తుంది, కాస్త వేగం కూడా తగ్గుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఇప్పటిదాకా ఆ డ్రైవ్‌లోకి ఎక్కిన ఏ ఫైల్‌నీ నమ్మకండి. ఫార్మాట్ చేసి మొదటి నుంచి కాపీ చేయండి. కార్డులోని ఫైళ్లకీ, డ్రైవ్‌లోని వాటికీ షా 256 సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి లెక్క) తీసి, రెండూ కలిశాకే కార్డు చెరపండి.

చిక్కడపల్లి స్టూడియో:
చేశాను అండి. సెకనుకు 400 ఎంబీ వచ్చేది ఇప్పుడు 330 వస్తోంది, నాకది చాలు. 180 జీబీ ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కింది, లాగ్‌లో ఒక్క అబార్ట్ లేదు. సమ్ కొట్టి రెండు లిస్టులూ పోల్చాను, అన్నీ కలిశాయి. ఆ క్లిప్ కూడా తెరిచాను. అబ్బాయి చెయ్యి అమ్మాయి తల మీద పడింది, వెనకాల మేళం మోగింది. కార్డు ఇప్పుడే చెరిపాను.