'ఫా కో': పళ్లెం పంచడమా, కదపడమా, కొల్లగొట్టడమా?

వియత్నామీస్ నుంచి చిన్నపిల్లల కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో 'ఫా కో' అన్న మాట దగ్గర ఆగిపోయాను. గ్రూపులో ఇన్ని జిల్లాల వాళ్లున్నారు కదా, మీలో ఎవరి ఇంట్లోనైనా దీనికి సరిపోయే మాట దొరుకుతుందని అడుగుతున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

సందర్భం ఇది. వాళ్ల చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమి నాడు వచ్చే పండగ పేరు 'తెట్ ట్రుంగ్ థు'. (రాతను బట్టి రాస్తున్నాను. హనోయ్ వాళ్ల నోట 'ట్ర' దాదాపు 'చ' లాగే వినిపిస్తుంది.) ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు కాదు. పెద్దవాళ్లు పనికి వెళ్తారు, పిల్లలు బడికి వెళ్తారు. అసలు పండగ చీకటి పడ్డాకే. దీనికి 'పిల్లల పండగ' అనీ, 'చంద్రుణ్ణి చూసే పండగ' అనీ కూడా పేర్లున్నాయి. పొలం పనుల్లో పడి పిల్లల్ని పట్టించుకోలేకపోయిన తల్లిదండ్రులు ఆ లోటు తీర్చుకునే రోజు ఇది అని అక్కడి పెద్దలు చెబుతారు.

ఇంటి ముందో, డాబా మీదో ఒక పెద్ద గుండ్రటి పళ్లెం పెడతారు. అదే 'మమ్ కో'. మమ్ అంటే పళ్లెం, కో అంటే విందు. పెళ్లి భోజనాన్నీ, పెద్దల తిథినాటి భోజనాన్నీ కూడా కో అనే అంటారు. 'విందుకెళ్తే ముందు నడువు, నీళ్లలో దిగాల్సొస్తే వెనక నడువు' అని వాళ్ల సామెత ఒకటి ఉంది, అందులో ఉన్నదీ ఈ కో యే. పళ్లెంలో పంపరపనస, సీతాఫలాలు, అరటిపళ్లు, పెర్సిమన్ పళ్లు, ఆ పండగకే చేసే రెండు రకాల పిండివంటలు పెడతారు. హనోయ్ అయితే 'కోమ్' కూడా ఉండాల్సిందే. కోమ్ అంటే పాలు పూర్తిగా గట్టిపడని జిగురు వరి గింజల్ని వేయించి దంచిన ఆకుపచ్చ అటుకులు. తామరాకులో చుట్టి అమ్ముతారు, వోంగ్ అనే ఊరిది పేరుపడ్డది.

ఈ పళ్లాన్ని సర్దడం పెద్ద కళ. పంపరపనస తొనల్ని ఒలిచి, విప్పి, లోపలి ముత్యాలు బొచ్చులా నిలబడేట్టు పేర్చి బుజ్జి కుక్కపిల్లను చేస్తారు. కళ్లకి నల్లగింజలు పెడతారు. బియ్యప్పిండి ముద్దకు రంగులు కలిపి చేసిన 'తో హె' బొమ్మలు ఉంటాయి. పిల్లలు బాగా చదువుకోవాలని, పాతకాలపు పరీక్షల్లో నెగ్గిన పండితుడి కాగితం బొమ్మ కూడా పెడతారు. పిల్లలు ఇవన్నీ చూస్తారుగానీ ముట్టుకోరు. దీపాలు పట్టుకుని వీధులన్నీ తిరిగి రావాలి, సింహం ఆట చూడాలి, చంద్రుడు బాగా పైకి రావాలి. అప్పుడు పెద్దవాళ్లు అంటారు, 'ఫా కో!'

'ఫా' అంటే పగలగొట్టడం, ధ్వంసం చేయడం. అడవులు నరికేయడానికీ, రికార్డు బద్దలు కొట్టడానికీ, దివాలా తీయడానికీ ఇదే ధాతువు. ఇల్లు పీకి పందిరేసే పిల్లల అల్లరిని 'ఫా ఫాక్' అంటారు. అంటే ఏడాదికోసారి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లే పిల్లలతో 'ఇక పాడుచెయ్యండి' అంటున్నారన్నమాట. తినండి అనడం లేదు, పంచుకోండి అనడం లేదు. నాకు ఈ పండగంతా ఆ ఒక్క క్రియలోనే ఉందనిపిస్తోంది. దాన్ని 'విందు ఆరగించారు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

వ్యాఖ్య (కాకినాడ): 'ప్రసాదం పంచడం' అంటే సరిపోదాండీ? దేవుడి దగ్గర పెట్టి తర్వాత తింటున్నారు కదా.

జవాబు: కొంత సరిపోతుందండీ. పగటిపూట పెద్దల పీఠం దగ్గర పళ్లూ, పిండివంటలూ పెట్టి దణ్ణం పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ మాటకొస్తే పళ్లెం చంద్రుడికి చూపించాకే తింటారు. కానీ పంచడంలో ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ఫా కో లో పిల్లల చేతులే పళ్లెం మీద ఉంటాయి. ఆ తేడా పోగొట్టుకోవాలని లేదు.

వ్యాఖ్య (వరంగల్): మా ఇంట్ల వ్రతం అయినంక కలశం 'కదుపుతరు'. పొద్దుగాల కొంచెం కదిపి, ఆ తర్వాతనే అన్నీ తీస్తరు. మీ పళ్లాన్ని గూడ 'కదుపుడు' అనొచ్చు గదా.

జవాబు: అన్నా, ఈ మాట కోసమే పోస్టు పెట్టానేమో అనిపించింది. ఒక అమరికను విప్పడానికి సమయం వచ్చిందని చెప్పే క్రియ మనకు ఉందని గుర్తుచేశారు. 'పాడుచేయడం' అనకుండా 'కదపడం' అనడంలో మన్నన ఉంది. ఫా లో మాత్రం మన్నన లేదు, దూకుడు ఉంది. పెద్దవాళ్ల కథ అయితే కళ్లుమూసుకుని మీ మాటే తీసుకునేదాన్ని.

వ్యాఖ్య (విజయనగరం): అయితే 'కొల్లగొట్టడం' రాయండమ్మా. పిల్లలు జామచెట్టు కొల్లగొట్టేశారు అంటాం, అందులో కోపమెంతో మురిపెమూ అంతే.

జవాబు: ఇదే కుదిరింది. 'పళ్లెం కొల్లగొట్టండర్రా!' అని తాతగారి నోట పెట్టి చూశాను. వియత్నామీస్ వాక్యంలో ఉన్న ఆశ్చర్యం తెలుగులోనూ నిలిచింది.

వ్యాఖ్య (రాజమహేంద్రవరం, రిటైర్డ్ తెలుగు మాస్టారు): మీ చర్చలో ఫా కో మీదే అందరూ పడ్డారు, 'తెట్' ను ఎవరూ పట్టించుకోలేదు. అది చైనా భాష నుంచి వచ్చిన మాటే అయితే, దాని మూలార్థం వెదురు కణుపు అని చదివిన గుర్తు. సరేనా?

జవాబు: సరే మాస్టారూ. ఆ చైనా అక్షరం నెత్తిన వెదురు గుర్తే ఉంటుంది. కణుపు, కీలు, ఆ తర్వాత ఏడాదిలో ఒక ఋతుసంధి, ఆ తర్వాత పండగ. ఆ అక్షరానికి వియత్నాంలో 'తియెత్' అని పండితుల ఉచ్చారణ ఒకటి ఉంది, జనం నోట అరిగి తెట్ అయింది.

మాస్టారు: అయితే మన 'పర్వం' చూడమ్మా. చెరకు కణుపూ పర్వమే, వేలి కణుపూ పర్వమే, భారతంలో భాగమూ పర్వమే, పున్నమి అమావాస్యలూ పర్వాలే, పండగా పర్వమే. అదే జనం నోట అరిగి 'పబ్బం' అయింది. ఇప్పుడు 'పండగా పబ్బం' అనే జంటలోనూ, 'పబ్బం గడుపుకోవడం' అనే నిందలోనూ తప్ప బతికిలేదు. తెట్‌కి అచ్చంగా అతికే తెలుగు మాట పబ్బమే.

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒకరి మాట ఒకరు వినకుండానే రెండు భాషలు ఏడాదిని ఒక గడలాగా చూసి, దాని కణుపుల దగ్గర పండగ చేసుకున్నాయి. పబ్బం అన్న మాటను ఆ నింద నుంచి విడిపించి పిల్లల పుస్తకంలో పెట్టాలని ఉంది.

వ్యాఖ్య (హైదరాబాద్): 'ట్రుంగ్ థు' అంటే శరత్తు నడుమ అని కదా. 'నడిశరత్ పబ్బం' అని రాసేయొచ్చు.

జవాబు: అక్కడే చిక్కు ఉందండీ. వాళ్లకి ఋతువులు నాలుగు. ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలలు శరత్తు, కాబట్టి ఎనిమిదో నెల పున్నమి సరిగ్గా నడుమ పడుతుంది. మనకు ఋతువులు ఆరు, శరత్తు అంటే ఆశ్వయుజ కార్తీకాలు. వాళ్ల పండగ మామూలుగా మన భాద్రపద పున్నమి నాడో, ఒక రోజు అటూ ఇటూగానో వస్తుంది. 2023లో సెప్టెంబర్ 29న, 2024లో సెప్టెంబర్ 17న అలాగే వచ్చింది. అంటే మన లెక్కలో ఇంకా వర్షఋతువే. 2025లో వాళ్లకి అధికమాసం పడటంతో పండగ అక్టోబర్ 6కి జరిగి, మన శరత్ పున్నమితో కలిసింది. 2026లో మళ్లీ సెప్టెంబర్ 25. అందుకే 'నడిశరత్' అంటే పంచాంగం తెలిసిన తెలుగు పాఠకుడికి తికమకగా ఉంటుంది. జనం వాడుకలో వాళ్లే 'ఎనిమిదో నెల పున్నమి' అని కూడా అంటారు. నేను 'ఎనిమిదో నెల పున్నమి పబ్బం' అని ఒకసారి రాసి, తర్వాత నుంచి 'పున్నమి పబ్బం' అనేస్తాను. ఇంగ్లీషులో చలామణీ అయ్యే 'మూన్ కేక్ ఫెస్టివల్' అన్న పేరు మాత్రం నాకు నచ్చదు. పళ్లెంలో ఒక వంటకం పేరు తెచ్చి పండగ మొత్తానికి తగిలించడం ఏం న్యాయం?

వ్యాఖ్య (గుంటూరు): ఆ వంటకానికైనా తెలుగు పేరు కావాలిగా మరి.

జవాబు: 'బాన్' అన్న వాళ్ల మాటకి మన 'పిండివంట' అంత దగ్గరగా ఇంగ్లీషు మాట ఏదీ రాదు. గోధుమపిండి రొట్టె, బియ్యప్పిండి అట్టు, ఆవిరి మీద ఉడికించేవి, అన్నీ బాన్‌లే. ఈ పండగవి రెండు. 'బాన్ నుఒంగ్' అంటే కాల్చినది, పైన గోధుమరంగు పొర ఉంటుంది. 'బాన్ జేవ్' తెల్లటిది, పొయ్యి మీద కాల్చేది కాదు. వేయించి పట్టిన జిగురు బియ్యప్పిండిని పాకంతో కలిపి, పంపరపనస పూల నీళ్లతో వాసన పట్టిస్తారు. రెంటినీ చెక్క అచ్చుల్లో ఒత్తుతారు. లోపల పెసరపప్పు ముద్దో, తామరగింజల ముద్దో పెడతారు, దాన్ని నేను 'పూర్ణం' అనే రాశాను. కొన్నింటిలో పూర్ణం మధ్య ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన ఉంటుంది, కోస్తే పున్నమి చంద్రుడిలా కనిపిస్తుంది. పిల్లల కోసం తల్లిపంది చుట్టూ పందిపిల్లలున్న ఆకారంలో కూడా చేస్తారు. చాలా తీపి, అందుకే చిన్న ముక్కలు కోసి టీతో తింటారు.

వ్యాఖ్య (బెంగళూరు): వియత్నాం పిల్లల కథల్లో చంద్రుడి మీద ఎవరో 'చూ కువొయ్' ఉంటాడని విన్నాను. ఆయన్ని 'కువొయ్ మామ' అంటే మన పిల్లలకి చందమామలా దగ్గరవుతాడు కదా?

జవాబు: ఈ ప్రశ్న ఎవరూ అడగరేమోనని బెంగపడ్డాను. వాళ్ల భాషలో నువ్వు, నేను అనే మాటలకి బదులు వరసలే నడుస్తాయి, కాబట్టి వరస మారిస్తే మనిషే మారిపోతాడు. చూ అంటే నాన్న తమ్ముడు. అమ్మ తమ్ముడు వేరే, ఆయన 'కౌ'. ఇంగ్లీషు అనువాదాల్లో ఇద్దరూ 'అంకుల్' అయిపోతారు. మనకి ఆ అవసరం లేదు, మన దగ్గర రెండు వరసలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చూ కువొయ్ అంటే కువొయ్ బాబాయి.

ఆయన కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. కువొయ్ కట్టెలు కొట్టుకునేవాడు. చచ్చిన పులిపిల్లల్ని తల్లిపులి ఒక చెట్టు ఆకులు నమిలి పెట్టి బతికించడం చూసి, ఆ మర్రిని పెకలించి తెచ్చి పెరట్లో నాటాడు. దాని ఆకులతో ఎందరినో బతికించాడు. మురికినీళ్లు పోస్తే చెట్టు ఎగిరిపోతుందని భార్యకి మరీ మరీ చెప్పాడు. ఆమె ఒకరోజు మరిచి పోసింది. చెట్టు వేళ్లతో సహా లేచింది. అడవి నుంచి అప్పుడే వచ్చిన కువొయ్ వేరు పట్టుకుని వేలాడాడు, చెట్టు ఆగలేదు. చంద్రుడిలో మనం కుందేలును చూసే మచ్చలోనే వాళ్ల పిల్లలు మర్రిచెట్టునూ, దాని మొదట్లో కూర్చున్న బాబాయినీ చూస్తారు. 'కువొయ్‌లా అబద్ధాలాడకు' అని తిట్టేదీ ఆ పేరుతోనే, అబద్ధాలకోరు కువొయ్ కథలు వేరే ఉన్నాయి.

చంద్రుడి మీద 'చి హంగ్' కూడా ఉంటుంది, హంగ్ అక్క. చైనా పురాణపు చంద్రదేవతే, ఇక్కడ పిల్లలకి అక్క అయింది. చంద్రుణ్ణి 'ఓంగ్ ట్రంగ్' అంటారు, అంటే చంద్రుడు తాత. వెదురుపుల్లల చట్రానికి ఎర్ర గాజుకాగితం అతికించి చేసే అయిదు కోణాల దీపం పేరు 'దెన్ ఓంగ్ సావ్', చుక్కతాత దీపం. సింహం ఆటలో బొజ్జ ఊపుకుంటూ విసనకర్రతో నవ్వించే భూదేవుడు 'ఓంగ్ దియా', భూమితాత. ఆకాశంలో, నేల మీద, పిల్లల చేతిలో ఉన్నవన్నీ చుట్టాలే. మా కథలో ఈ వరసల్ని ఒక్కటీ వదలను.

వ్యాఖ్య (నల్లగొండ): అయితే 'అంకుల్ హో' సంగతి? చిన్నప్పుడు మేము పోస్టర్ల మీద అట్లనే చదివినం.

జవాబు: 'బాక్ హో'. బాక్ అంటే నాన్న కన్నా పెద్దవాడు, పెదనాన్న. వియత్నాం నాయకుడు హో చి మిన్ 1945లో, స్వాతంత్ర్య ప్రకటన అయిన కొద్ది వారాలకే వచ్చిన ఈ పండగకి దేశంలోని పిల్లలందరికీ ఉత్తరం రాశారు. తర్వాత కూడా చాలా ఏళ్లు రాశారు. ఆ ఉత్తరాల్ని తెలుగు చేసేవాళ్లు 'అంకుల్' దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా విన్నపం.

వ్యాఖ్య (ముంబయి): దీపాలు ప్లాస్టిక్‌వేనా ఇప్పుడు?

జవాబు: చాలావరకు బ్యాటరీతో పాటలు పాడే ప్లాస్టిక్‌వే. అయినా హనోయ్‌లో హాంగ్ మా వీధిలో పండగ ముందు కాగితం దీపాలూ, కాగితం గుజ్జు ముసుగులూ దొరుకుతాయి. లేమి రోజుల్లో డబ్బాలకు చిల్లులు పొడిచి దీపాలు చేసుకున్నారు. పంపరపనస గింజల పొట్టు తీసి, తీగకు గుచ్చి, రోజుల తరబడి ఎండబెట్టి, పున్నమి రాత్రి వెలిగించేవారు. పంపరపనస తొక్కల్నే టోపీలుగా పెట్టుకునేవారు. కథలో ఈ గింజల దండ ఉంది, దాన్ని తెలుగులో చెప్పడానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది ఇంకొకటి మిగిలింది. 'రువొక్ దెన్' అంటే పిల్లలు దీపాలతో వీధుల్లో తిరగడం. రువొక్ అంటే ఉత్త నడక కాదు, మర్యాదగా ఎదురెళ్లి వెంటబెట్టుకుని రావడం. పెళ్లికూతుర్ని తెచ్చినా, ఊరి దేవుణ్ణి పల్లకీలో తిప్పినా రువొక్ అనే అంటారు. 'దీపాల ఊరేగింపు' అని రాసి పెట్టుకున్నాను, మరీ పెద్దవాళ్ల సభలా ఉంది. మీ ఊళ్లలో దేవుణ్ణో, పెళ్లివారినో ఎదురెళ్లి తీసుకురావడానికి పిల్లల నోట పలికే చిన్న మాట ఏదైనా ఉంటే, జిల్లా పేరుతో సహా కింద రాయండి.