కొలువు వేటలో పట్టు ఎంత, విడుపు ఎంత?

నక్కలగుట్ట మాస్టారు:
హనుమకొండలో పోటీ పరీక్షల అభ్యర్థులకు పన్నెండేళ్లుగా అంకగణితం బోధిస్తున్నాను, కాబట్టి ఇప్పుడు చెప్పబోయే మాట నా పొట్ట మీద నేనే కొట్టుకునేది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన వచ్చినప్పుడు నా తరగతిలో చేరినవారిలో కొందరు నేటికీ అదే అద్దె గదిలో ఉన్నారు. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాసినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన వెలువడి, ఆ అక్టోబరుకు గాని మెయిన్స్ జరగలేదు. తప్పు అభ్యర్థిది కాదు, కరిగిపోయిన వయసు మాత్రం అభ్యర్థిదే. గరిష్ఠ వయోపరిమితిని 44 నుండి 46 ఏళ్లకు పెంచినప్పుడు అందరూ సంతోషించారు గాని, నాకది గది అద్దెను మరో రెండేళ్లు పొడిగించినట్టే తోచింది. డిగ్రీ ముగిసి మూడేళ్లు దాటాక ఎవరైనా ఒకే పరీక్షను పట్టుకుని కూర్చోకుండా, మడికొండలో ఐటీ కొలువైనా, బ్యాంకు గుమస్తా పనైనా, ముందు దొరికినదానిలో చేరాలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

హుజూరాబాద్ వాసి:
మాస్టారూ, మీరు చెప్పిన పనే నేను చేశాను. డిగ్రీ అయిన ఏడాదికే గ్రూప్స్ పుస్తకాలను అటకెక్కించి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను, తర్వాత బీమా పాలసీలు అమ్మాను, ఆపై ఒక గోదాములో లెక్కలు రాశాను, కొంతకాలం చిట్టీల వసూళ్లకు తిరిగాను. ప్రతిచోటా ఇది తాత్కాలికమే అనుకున్నందువల్ల ఏ పనీ లోతుగా నేర్చుకోలేదు. ఆరేళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘ఇంతకీ మీకు బాగా వచ్చిన పని ఏది?’ అని అడిగితే నోట మాట రాలేదు. నాతో చదివిన ఇద్దరు పట్టు వదలక గ్రూప్-4లో కొలువు సంపాదించారు, నేను రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. దొరికినదానిలో చేరమనడం తేలికే, చేరినవాడు ఐదేళ్లకు ఎక్కడ తేలుతాడో కూడా మీరు చెప్పాలి.

జగిత్యాల అభ్యర్థిని:
ఈ చర్చ అంతా మగపిల్లల కోణంలోనే సాగుతున్నది. 2022 డిసెంబరులో 783 పోస్టులతో వచ్చిన గ్రూప్-2 ప్రకటనకు పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఆ రెండేళ్లలో పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ మా ఇంట్లో నా పెళ్లి మాట కూడా వాయిదా పడింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అందరూ తిట్టుకున్న ఆ వాయిదాలకు నేను రుణపడి ఉన్నాను. ‘బిడ్డ సర్కారు కొలువుకు చదువుతున్నది’ అన్న ఒక్క మాటకే మా బంధువులు వెనక్కి తగ్గుతారు. మధ్యలో కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో పని దొరికితే చేరతానన్నాను. అంత చిన్న పనికి అంత దూరం ఎందుకని మా నాన్నగారు అదే వారం సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మీ దృష్టిలో నాది మొండిపట్టు కావచ్చు, నాకు మాత్రం ఇల్లు ఇచ్చిన గడువు అదొక్కటే.

భూపాలపల్లి కార్మికుడు:
నాన్న మెడికల్ అన్‌ఫిట్ కావడంతో, బీటెక్ చదివిన నేను ఆయన వారసుడిగా సింగరేణిలో బదిలీ వర్కర్‌గా, అంటే ఇంకా పర్మినెంట్ కాని కార్మికుడిగా చేరి భూగర్భ గనిలోకి దిగాను. మొదటి ఏడాది కాలేజీ మిత్రుల ఫోన్ ఎత్తలేదు. ఏడాదికి 190 మస్టర్లు (హాజరు దినాలు) నింపితే జనరల్ మజ్దూర్, అంటే పర్మినెంట్ కార్మికుణ్ణి కావచ్చునన్న ఒక్క లెక్క తప్ప అప్పట్లో నాకు మరేదీ పట్టేది కాదు. తర్వాత రెస్క్యూ శిక్షణకు పేరు ఇచ్చాను. శ్వాస పరికరం వీపున కట్టుకుని, పొగ నిండిన గదిలో మోకాళ్ల మీద పాకుతూ నేర్చుకునే ఆ విద్య ఒకటున్నదని కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను గర్వంగా చెప్పుకునే పని అదే. అయితే హుజూరాబాద్ అన్నను తప్పుపట్టలేను. ఆయన చేరిన చోట్ల పై మెట్టు లేదు, నాకు మస్టర్లు, పీఎఫ్, పై పోస్టులకు వెళ్లే ఇంటర్నల్ పరీక్షలు ఉన్నాయి. ఇష్టం లేని పనిలో చేరేటప్పుడు జీతం కన్నా ముందు ఆ మెట్లు లెక్కపెట్టుకోవాలి.

నక్కలగుట్ట మాస్టారు:
మూడేళ్ల గడువు అందరికీ ఒకే కొలత అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. జగిత్యాల నుండి రాసిన అమ్మాయి సంగతి నా ఊహకే రాలేదు, నా తరగతిలో సగం మంది ఆడపిల్లలే అయినా. అయినా ఒక అనుమానం మిగిలే ఉన్నది: మెట్లున్న పని దొరికేదాకా ఆగుతామంటే, అది మరో పేరుతో అదే నిరీక్షణ కాదా?

భూపాలపల్లి కార్మికుడు:
కొంత నిజమే సార్. కాని ఆ నిరీక్షణలో నాలుగు చోట్లకు వెళ్లి, అక్కడ పదేళ్లుగా పనిచేస్తున్నవారితో మాట్లాడవలసి వస్తుంది. అద్దె గదిలో కూర్చుంటే ఆ అవసరం రాదు.

జగిత్యాల అభ్యర్థిని:
మాస్టారూ, ఈ ఏడాది ప్రవేశాల సమయంలో తండ్రులను కూడా ఒకరోజు పిలిపించి ఈ మాటలు మీరే చెప్పండి. మేము చెబితే వినరు.