బుడమేరు వరద సాయం: లిస్టులో పేరుంది, డబ్బు పడలేదు

పాయకాపురం_గృహిణి: 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇల్లు మునిగింది. మాది గ్రౌండ్ ఫ్లోర్, అద్దె ఇల్లు. ఎన్యూమరేషన్‌కి, అంటే నష్టం లెక్క రాయడానికి, వచ్చినవాళ్లు వివరాలన్నీ రాసుకున్నారు. సచివాలయం లిస్టులో మా ఆయన పేరుంది కానీ గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి ప్రభుత్వం ఇస్తామన్న 25 వేలు పడలేదు. పక్కింటివాళ్లకి సెప్టెంబరు 25నే పడ్డాయి. పైగా ఇల్లుగలాయన ఆ డబ్బు తనకే రావాలంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

సింగ్‌నగర్_ఆటో: అక్కా, ఆయనకి భయపడకండి. నీళ్లలో నానింది మీ బియ్యం, మీ మంచాలు, మీ పిల్లల పుస్తకాలు. ఆ సాయం ఇంట్లో ఉంటున్న కుటుంబానికి. మేమూ అద్దెకే ఉంటున్నాం, మాకే వచ్చింది. మేడ మీద ఉన్నవాళ్లకి 10 వేలు ఇచ్చారు. నా ఆటోకి వేరే 10 వేలు వచ్చాయి గానీ ఇంజన్‌లో బురద చేరింది, రిపేరు ఖర్చులో సగానికి కూడా రాలేదు.

నున్న_రోడ్డు: డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో చూశారా? ఆధార్‌కి చివరగా లింక్ చేసిన బ్యాంకులోనే పడుతుంది. కేవైసీ అయిపోయిందని ఊరుకోవద్దు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చూపే ఎన్‌పీసీఐ లింక్ వేరు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ (ఆధార్‌కి ఖాతా లింక్) స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీ కొడితే బ్యాంకు పేరు చూపిస్తుంది. మా నాన్న డబ్బు ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచిన ఖాతాలో ఉంది. మేం ఆ ఖాతా సంగతే మర్చిపోయాం.

మున్నేరు_ఒడ్డు: మాది తెలంగాణలో ఖమ్మం, అప్పుడే మాకూ మున్నేరు వరద వచ్చింది. ఇక్కడ సాయం మొదట 10 వేలన్నారు, తర్వాత 16,500 చేశారు. సామాన్లకైతే ఏదో సర్దుకున్నాం. ఇల్లు మళ్లీ కట్టుకోవడమే కష్టం. అప్పటి ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ నిధి) లెక్కలో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు, పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. ఆ 6,500తో గోడ ఎలా లేస్తుంది? సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలీ తెలిసినవాళ్లు ఈ లెక్క మార్చాలి. మా వెనక గది పూర్తిగా కూలినా రిపోర్టులో 'పాక్షికం' అని రాశారు. అందుకే చెబుతున్నా, రాసుకునేటప్పుడే పక్కన నిలబడి ఏం రాస్తున్నారో చదవండి. శుభ్రం చేయకముందే గోడ మీద నీటి మరక కనపడేలా ఫోటోలు తీయండి.

పాయకాపురం_గృహిణి: స్టేటస్ చూశాను, 'ఇనాక్టివ్' అని వస్తోంది. అంటే ఆ డబ్బు వెనక్కి వెళ్లిపోయినట్టేనా?

నున్న_రోడ్డు: కంగారు పడకండి. ముందు బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి. యాక్టివ్ అయ్యాక ఆ ప్రింటు, ఆధార్ జిరాక్స్ జతచేసి సచివాలయంలో అర్జీ పెట్టండి. నోటిమాటగా చెప్పి రావద్దు, రసీదు తీసుకోండి.