మాంటిచెల్లోను సాయంత్రం చూడటం: మోకాళ్ల నొప్పులుంటే వెళ్లవచ్చా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి):
అందరికీ నమస్కారం. అక్టోబరులో నేనూ మా వారూ వర్జీనియాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళుతున్నాం. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోను, సందర్శకులంతా వెళ్లిపోయాక మా కుటుంబానికి మాత్రమే చూపించే ఏర్పాటు చేస్తానంటోంది. పై అంతస్తులు కూడా చూపిస్తారట. మా వారికి మోకాళ్ల నొప్పులు. అంత ఖర్చు పెట్టడం అవసరమా? పగలు చూస్తే చాలదా?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం నుంచి):
అమ్మా, నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని. ఆ ఇల్లు చూసి వచ్చాను. పెద్ద మెట్ల వరుస ఉంటే చోటు వృథా అని జెఫర్సన్ అభిప్రాయం. అందుకే పైకి వెళ్లే మెట్లు రెండడుగుల వెడల్పే, అటక ఎక్కినంత నిటారుగా ఉంటాయి. మీ వారిని ఎక్కించవద్దు. మీరూ అమ్మాయీ పైకి వెళ్లి గోపురం గది చూసి రండి.

ఆయనకు తీరని లోటేమీ ఉండదు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది కిందనే, ప్రవేశ గదిలోని గడియారం దగ్గర. ఫిరంగి గుండ్లే దాని బరువులు. ఆదివారం కీ ఇస్తే వారమంతా తాళ్ల మీద కిందికి దిగుతాయి. గుండు ఎక్కడికి దిగితే అదే ఆ రోజు వారం. పేర్లు గోడ మీద ఉంటాయి. గోడ ఎత్తు చాలక నేలకు రంధ్రాలు పెట్టించారు, శనివారం నేలమాళిగలోకి వెళ్లింది! పగలు వెనక మరో బృందం వేచి ఉంటుంది కనుక తృప్తిగా చూడనివ్వరు. సాయంత్రం ఏర్పాటుకు పెట్టే డబ్బు ఈ తీరికకే.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. పొద్దు గూకక ముందే చేరుకుని మల్బరీ వీధి నడిచి చూడండి. బానిసలు పనిచేసిన, నివసించిన వరుస అది. మనుషులంతా సమానులుగా పుట్టారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన వ్యక్తి జీవితకాలంలో 607 మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. 1826 జూలై 4న ఆయన పోయాక, అప్పుల కింద 1827 జనవరిలో 130 మందిని ఆ ఆవరణలోనే వేలానికి పెట్టారు. ఇల్లొక్కటే చూసి వస్తే చూసింది సగమే.

ప్రశ్న:
చాలా సంతోషం మాస్టారూ. వాషింగ్టన్ నుంచి ఎప్పుడు బయలుదేరితే మంచిది?

జవాబు:
దూరం సుమారు 190 కిలోమీటర్లు, రెండున్నర గంటలు పడుతుంది. ఉదయమే బయలుదేరి, కొండకు దగ్గర్లో ఉన్న ఊరు షార్లట్స్‌విల్‌లో భోజనం చేసి, మూడింటికల్లా చేరుకోండి. అక్టోబరులో ఆరున్నర ప్రాంతంలోనే చీకటి పడుతుంది, కొండ మీద చలిగాలి. స్వెట్టర్లు పెట్టుకోండి. టికెట్లు తీసుకునేటప్పుడే మోకాళ్ల సంగతి అమ్మాయిని చెప్పమనండి. కొండ కింది నుంచి ఇంటి దాకా బస్సు ఉంది, ఆయనను నడిపించవద్దు.