కమలములు నీట బాసిన... నీటా, నీడా?

సాలెగూడు:
సుమతీ శతకంలో కమలాల పద్యం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. నాకు గుర్తున్నది ఇలా:

కమలములు నీట బాసిన
కమలాప్తు రశ్మి సోకి కమలిన భంగిన్
తమ తమ నెలవులు దప్పిన
తమ మిత్రులు శత్రులౌట తథ్యము సుమతీ

రెండో పాదం పైకి చదివితే ఎక్కడో కుంటుతోంది. 1990లలో స్పైడర్‌మ్యాన్ కామిక్స్ ఎలా పాడయ్యాయో ఒక వ్యాసం రాస్తున్నాను, మొదట ఈ పద్యం పెట్టాలని. ఆ వీరుడి నెలవు ఇంటద్దె, నిలవని ఉద్యోగం, మే పెద్దమ్మ మందులు. అక్కణ్ణుంచి అతణ్ణి పెరికి ఎండలో పడేసింది అతని మీద బతికిన కంపెనీయే. సరైన పాఠం తెలిసినవారు చెప్పండి.

యతిప్రాస:
"కమలాప్తుని రశ్మి". ఆ "ని" లేకపోతే కందం నిలవదు. మీరు రాసినట్టు చదివితే "ప్తురశ్మి" జగణమై (లఘువు, గురువు, లఘువు) ఐదో గణంలో, అంటే జగణం రాకూడని బేసి చోట పడుతుంది. నాలుగో గణం తర్వాత లెక్క మొత్తం ఒక మాత్ర తగ్గుతుంది, యతి దగ్గర "క" రావాల్సిన చోట "మ" వస్తుంది. "ని" పెట్టి చూడండి, "శ్మిసోకి" ఆరో గణమై కూర్చుంటుంది, "కమలిన"తో యతి కుదురుతుంది. ఇందులో చర్చకేం లేదు.

పాతప్రతి:
"ని" సంగతి ఒప్పుకుంటున్నాను. మొదటి పాదం మాటేమిటి? మా తాతగారు "కమలములు నీడ బాసిన" అనే చెప్పేవారు.

యతిప్రాస:
తామరకి నీడతో పనేమిటండీ? సూర్యుణ్ణి కమలాప్తుడు అంటున్నాడు కవి. నీళ్లలో ఉన్నంతసేపు ఏ ఎండ పూయిస్తుందో, బయటికి రాగానే ఆ ఎండే మాడుస్తుంది. పద్యం బలమంతా అక్కడుంది. "నీడ" అంటే ఆ బలం పోయి, గొడుగు లేక ఎండదెబ్బ తగిలినట్టు అవుతుంది.

పాతప్రతి:
చెట్టునీడ అని ఎవరన్నారు? సంస్కృతంలో నీడం అంటే గూడు, ఉండే చోటు. మూడో పాదంలో "నెలవులు" వస్తోంది కదా, దానికి సరిగ్గా జత. ఉపమానంలో "నీడ", ఉపమేయంలో "నెలవు". బద్దెన అంత ఆలోచించకుండా రాస్తాడా?

కలువకొలను:
గూడు పక్షికి, తామరకి కాదు. శతకం పిల్లలకి కూడా అర్థం కావాలని రాసినవాడు అంత దూరం పోడు. నాకు వేరే అనుమానం ఉంది. పాయు (విడుచు) ధాతువుకి ద్వితీయా విభక్తి రావాలి కదా, "నీటిఁ బాసిన" ఎందుకు కాకూడదు? తాటాకు మీద గుడి ఒక్కటి చెరిగితే "నీటి" కాస్తా "నీట" అయిపోతుంది. గణాలకీ ఏ ఇబ్బందీ లేదు.

యతిప్రాస:
"నీటన్" అని ద్రుతాంతం (చివర న్ ఉన్న రూపం) పెట్టుకున్నా "బాసిన" వస్తుంది, "నీటిన్" అన్నా వస్తుంది. ఛందస్సు మీ ఇద్దరికీ సాక్ష్యం చెప్పదు.

ఎడిసన్ తెలుగు:
వ్యాసానికి మీరు ఎంచుకున్న పద్యమే సరైనది కాదని నా అభిప్రాయం. అదే శతకంలో "తెప్పలుగ చెరువు నిండిన కప్పలు పదివేలు చేరు గదరా" ఉండగా కమలాలు ఎందుకు? 1990లో టాడ్ మెక్‌ఫార్లేన్ బొమ్మలతో కొత్తగా మొదలైన "స్పైడర్‌మ్యాన్" పత్రిక తొలి సంచిక దాదాపు 25 లక్షల ప్రతులు పోయింది. మరుసటి ఏడు అదే కంపెనీ ఎక్స్-మెన్ కామిక్ తొలి సంచిక 80 లక్షల దాకా వెళ్లింది, దానికి అయిదు రకాల అట్టలు. కొన్నవాళ్లలో ఎంతోమంది చదవడానికి కొనలేదు. ప్లాస్టిక్ కవరు విప్పకుండా దాచి, ధర పెరిగాక అమ్ముకుందామని కొన్నారు. లక్షల్లో అచ్చయినదానికి ధర ఎందుకు పెరుగుతుంది? వాళ్లు వెళ్లిపోయారు, దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో ఆ కంపెనీ, మార్వెల్, దివాలా పిటిషన్ వేసింది. ఇంతకన్నా కప్పల పద్యానికి ఉదాహరణ ఏముంటుంది?

సాలెగూడు:
"ని" ఇచ్చినందుకు యతిప్రాస గారికి కృతజ్ఞతలు, చెవికి ఇప్పుడు హాయిగా ఉంది.

ఎడిసన్ గారూ, కప్పలు వచ్చాయి, పోయాయి. చెరువు ఎండింది కప్పల వల్ల కాదు. నేను చెప్పాలనుకుంటున్నది కథ ఎలా చచ్చిందో. స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్. అతనికి క్లోన్, అంటే అచ్చు నకలు, పుట్టిన కథ 1975లో ముగిసిపోయింది, దాన్ని 1994లో మళ్లీ తవ్వారు. చిన్న కథగా ముగించాలనుకున్నది, అమ్మకాలు బాగున్నాయని నాలుగు నెలవారీ పత్రికల్లో ఏళ్ల తరబడి సాగదీశారు. 1995లో "ఇరవై ఏళ్లుగా మీరు చదివిన పీటర్ అసలువాడు కాదు, క్లోన్" అన్నారు. 1996 చివరికి "కాదు, వాడే అసలు" అన్నారు. ఈ మధ్యలోనే, అతని పాత పత్రిక "అమేజింగ్ స్పైడర్‌మ్యాన్" 400వ సంచికలో మే పెద్దమ్మ చనిపోతుంది. చాలా గొప్ప సంచిక, చదివి ఏడ్చినవాళ్లున్నారు. 1998లో దాన్నీ తుడిచేశారు, చచ్చిపోయింది ఆమె వేషంలో ఉన్న నటి అని. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఎవరు చచ్చినా పాఠకుడికి నొప్పి తగలదు. ఇంత చేసింది కప్పలు కాదు, కమలాప్తులే.

పలికెడిది:
"నెలవులు దప్పిన" అనగానే నాకు పోతన గుర్తొస్తాడు. "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె". "ఠావుల్ దప్పెను" దగ్గర నా గొంతు ఇప్పటికీ ఆగుతుంది. "లావొక్కింతయు" అని నింపాదిగా మొదలుపెట్టి, ఏనుగు ఊపిరి తగ్గేకొద్దీ మాటలు చిన్నవి చేస్తూ పోతాడు. "మూర్ఛ వచ్చె", అంతే. ఇంకో కవి అయితే అక్కడ ఒక సమాసం వేసేవాడు.

యతిప్రాస:
ఠావుల్ తప్పింది ప్రాణాలకి, గజేంద్రుడికి కాదు. అతని అసలు ఠావు అడవి. మడుగులోకి దిగినప్పుడే నెలవు తప్పాడు, అక్కడ మొసలికి బలం. కమలానిది దీనికి తలకిందులు, నీళ్లే దాని నెలవు. పోలిక తెచ్చేటప్పుడు ఇది చూసుకోవాలి.

పలికెడిది:
మొసలి అతని మిత్రుడు కాదు కాబట్టి పోలిక అంతదూరం నేను తీసుకెళ్లలేదు. "తప్పు" అన్న క్రియ గురించే నా మాట. అది అకర్మకంగా వాడాడు పోతన, ఠావులు తమంతట తామే జారాయి. బద్దెన "దప్పిన" కూడా అలాంటిదే అయితే కమలం తనంతట తాను చెరువు దాటినట్టు. అది జరగదు, ఎవరో కోస్తేనే వస్తుంది. కోసినవాడి పేరు పద్యంలో లేదు. సాలెగూడు గారి వ్యాసానికి కావాల్సింది ఆ పేరే.

సాలెగూడు:
మీరు గజేంద్రుణ్ణి తెచ్చారు కాబట్టి ఇది చెప్పాలి. 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన "అమేజింగ్ స్పైడర్‌మ్యాన్" 33వ సంచికలో స్టీవ్ డిట్కో గీసిన ఘట్టం ఉంది. స్పైడర్‌మ్యాన్ మీద పెద్ద ఇనుప యంత్రం పడుతుంది, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, పెద్దమ్మకి కావాల్సిన మందు చేయి చాచినా అందనంత దూరంలో ఉంటుంది. లావొక్కింతయు లేదు. అయినా ఎవర్నీ పిలవడు, పేజీల పాటు ఎత్తుతూ ఎత్తుతూ చివరికి లేపేస్తాడు. 2007లో అదే పెద్దమ్మకి తూటా తగిలింది. ఆమెని బతికించడానికి అతనూ భార్య మేరీ జేనూ తమ పెళ్లిని ఒక పిశాచానికి ధారపోశారు. 1987లో పాఠకుల కళ్ల ముందు జరిగిన పెళ్లి అసలు జరగనేలేదన్నారు. పెళ్లయినవాడు కుర్రవాడిలా కనిపించడని ప్రధాన సంపాదకుడి నమ్మకం. బరువు తానే ఎత్తడం ఆ వీరుడి నెలవు. అక్కణ్ణుంచి అతణ్ణి కోసినవాళ్లు ఎవరో నాకైతే సందేహం లేదు.

ఎడిసన్ తెలుగు:
ఆ 2007 కథ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ పుస్తకం అప్పుడూ అమ్ముడుపోయింది, తర్వాతి ఏళ్లలో మంచి కథలూ వచ్చాయి. కమలితే అక్కడితో అయిపోవాలి కదా?

సాలెగూడు:
అమ్ముడుపోవడం వేరు, పూయడం వేరు.

పాతప్రతి:
నీడం గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు. "నీళ్లలో" అని చెప్పాలంటే బద్దెనకి "కొలను" అనే మాట దొరకలేదా?

కలువకొలను:
"కమలములు కొలను బాసిన" అన్నా గణాలు సరిపోతాయి, నిజమే. అయినా రాయలేదంటే "నీటి" అనే రాశాడని నేనంటాను.

యతిప్రాస:
రాయని మాట దేనికీ రుజువు కాదు. అది అలా ఉంచి, సాలెగూడు గారు అచ్చుకి పంపేలోగా నాలుగో పాదం కూడా తేల్చుకోండి. "శత్రులౌట" అని మీరు రాశారు, "శత్రులగుట" అనీ అంటారు. ఒకటి ఆరో గణంలో జగణం, రెండోది నలం (నాలుగు లఘువులు). కందానికి రెండూ చెల్లుతాయి. నాకు "అగుట" ఇష్టం.

పాతప్రతి:
"ఔట" అంటేనే ఆ మార్పు చప్పున జరిగిపోయినట్టు ఉంటుంది. "అగుట" అనకండి.