గడియ కుడుక సరైనదని తేల్చేది గ్రంథమా, సూర్యుడా?

శంకుచ్ఛాయ: గడియ కుడుక అంటే అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నె. దాన్ని నీటిమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. 10 పలాల (పలం పాత తూకం) రాగి, 6 అంగుళాల (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు) ఎత్తు, 12 అంగుళాల వెడల్పు ఉండాలని పాతకాలపు ఖగోళ పండితుడు లల్లుడు రాశాడు. ఆ కొలతలు పాటిస్తే చాలదని నా వాదన.

తాళపత్రం: ఎందుకు చాలదు? 3⅓ మాషాల (ఇదీ పాత తూకమే) బంగారాన్ని 4 అంగుళాల సూదిగా సాగదీసి దానితో రంధ్రం పొడవమన్నారు. బరువు, పొడవు తెలిస్తే సూది మందం దానంతటదే కుదురుతుంది. రంధ్రాన్ని కొలిచే సాధనం లేని రోజుల్లో ఇంతకన్నా తెలివైన ఉపాయం ఏముంది?

శంకుచ్ఛాయ: రంధ్రం అంచున మిగిలే బొడిపె సంగతేమిటి? అందుకే భాస్కరాచార్యుడు 1150లో సిద్ధాంత శిరోమణి అనే ఖగోళ గ్రంథంలో వేరే దారి చూపాడు. ఒక పగలూ రాత్రీ కలిపి గిన్నె ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి, 60 గడియలను ఆ సంఖ్యతో భాగించమన్నాడు. 58 సార్లే మునిగితే ఒక్కో మునకకు దాదాపు 50 సెకన్లు ఎక్కువ పడుతున్నట్టు.

గోదావరి గట్టు: సూర్యోదయం రోజూ ఒకే వేళకు కాదు కదండీ?

శంకుచ్ఛాయ: మన ప్రాంతంలో ఒక రోజుకూ మరుసటి రోజుకూ తేడా నిమిషం లోపే. 1440 నిమిషాల్లో అదెంత?

తాళపత్రం: రాత్రి కాపలా ఉన్నవాడు ఒక మునక లెక్క తప్పితే? 60 గురువక్షరాల శ్లోకాన్ని 60 సార్లు చదివితే గడియ. సూర్యుడి కోసం కాచుకోనక్కర్లేదు.

శంకుచ్ఛాయ: చదివే వేగం మనిషికొక తీరు.

తాళపత్రం: మా తాతగారు ముహూర్తాలు పెట్టేవారు. ఒక పెళ్లిలో మగపెళ్లివారు చేతిగడియారం చూపి, వేళ దాటిపోయిందని ఆయన్ను పదిమందిలో నిలదీశారు. ఇప్పుడు మీరూ ఆయన కుడుక తప్పంటున్నారు. గ్రంథం చెప్పిన మాట మీకు గిట్టదు, అంతే!

శంకుచ్ఛాయ: తాతగారిని నేనేమీ అనలేదు. చేతిగడియారం భారత ప్రామాణిక కాలాన్ని, అంటే 82½ డిగ్రీల రేఖాంశం వేళను చూపుతుంది. హైదరాబాదు సూర్యుడు దానికి దాదాపు 16 నిమిషాలు వెనుక. ఆ రోజు రెండూ సరిగ్గానే ఉండి ఉండవచ్చు. కానీ గ్రంథం చెప్పిందన్న ఒక్క కారణంతో ఏ గిన్నెనూ నమ్మను.

తాళపత్రం: సూర్యుణ్ణి మాత్రం నమ్ముతారా? చలికి నీటి పారుదల మందగించి కుడుక ఆలస్యంగా మునుగుతుంది. జనవరిలో సరిచూసింది మే నెలకు పనికిరాదు.

శంకుచ్ఛాయ: అయితే మేలో మళ్లీ సరిచూడాలి. మొదటినుంచీ నేనడుగుతున్నది అదే.